అలమారా వెనక డబ్బా

మా ఆయన కాలేజీలో వైఫై చూసేవాడు. చూడటమంటే కుర్చీలో కూర్చుని కాదు, నడిచి. హాస్టల్ వరండాల్లో చేతిలో ఫోను పట్టుకుని, దాని మీద సిగ్నల్ గీత పెరుగుతున్న వైపు అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లేవాడు. చప్పుడు లేకుండా వస్తాడని పిల్లలు ఆయనకి పిల్లి అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆయనే ఇంటికొచ్చి చెప్పాడు, ఏదో బిరుదు ఇచ్చినట్టు.

కాలేజీ వైఫై చాలడం లేదని పిల్లలు రౌటర్లనే సొంత వైఫై డబ్బాలు తెచ్చుకుని దొంగచాటుగా తగిలించుకునేవారు. బీరువా మీద, మాసిన బట్టల కింద, ఒకసారి గిటారు పొట్టలో.

"పాపం, పిల్లలేగా, పోనివ్వకూడదూ?" అని నేనంటే, "ఒక గదిలో అందరూ ఒకేసారి అరిస్తే నీకేమన్నా వినపడుతుందా?" అనేవాడు. అరుపులొక్కటే అయితే సర్దుకునేవాడేమో. కొంతమంది తీగని తప్పు కన్నంలో పెట్టేవారు. అప్పుడు ఆ బుల్లి డబ్బా తనే పెద్దమనిషైపోయి అందరికీ తప్పుడు దారులు చెప్పేది. ఒక్క గదిలో చేసిన పనికి హాస్టలంతా మూగబోయేది.

పట్టుకున్న డబ్బాని చేతిలోకి తీసుకునే ముందే, దాని వెనకున్న సన్నటి కన్నంలో పిన్నీసు గుచ్చి లైట్లు ఆరి వెలిగేదాకా నొక్కేవాడు. అలా చేస్తే పేరూ పాస్‌వర్డూ అన్నీ చెరిగిపోతాయి. అది ఏ పిల్లాడిదో ఇక ఎవరూ తేల్చలేరు. "డబ్బా దొరికితే చాలు, పిల్లాడు దొరకనక్కర్లేదు" అనేవాడు. ఆ పిన్నీసులు నావే. ఎన్ని కొన్నా మాయమయ్యేవి.

ప్రతి డబ్బాకీ ఒక పేరుంటుంది. వాడుకోవాలంటే పాస్‌వర్డ్ కావాలి గాని, పేరు మాత్రం చుట్టుపక్కల ఫోన్లన్నిటికీ కనిపిస్తుంది. పిల్లలు ఆ పేర్లతోనే ఆయన్ని ఆటపట్టించేవారు. ఇంగ్లీషు అక్షరాల్లో 'పిల్లికి కళ్లు కనపడవు' అని ఒకడు, 'పిల్లిగారూ పాలు తాగారా' అని ఇంకొకడు. ఈయన ఊరుకునే రకమా? ఒక పాత డబ్బాని తన సామాన్ల గదిలో అలమారా వెనక పెట్టి, 'పిల్లి మెట్లెక్కుతోంది' అని పేరు తగిలించాడు. హాస్టలంతా గొల్లున నవ్విందట.

"అదేమిటండీ, దొంగల్ని పట్టే మీరే దొంగ డబ్బా పెట్టారా?"

"దొంగని పట్టాలంటే కాస్త దొంగబుద్ధి ఉండొద్దుటే?"

మా క్వార్టర్ వంటింటి కిటికీకీ ఆ సామాన్ల గదికీ మధ్య సన్నటి సందు. ఆ డబ్బా పేరు నా ఫోన్లోనూ కనిపించేది. నాకు ఇంగ్లీషు రాదు, తెలుగైనా కూడబలుక్కునే చదువుతాను. ఆ సంగతి తెలిసి నాకోసం తెలుగులో పేర్లు మార్చడం మొదలుపెట్టాడు. తెలుగైతే ఒకటి రెండు మాటలకన్నా ఎక్కువ అందులో పట్టవట. 'ఆకలి'. 'గొడుగు'. ఒకసారి పోట్లాడుకుని నేను ముభావంగా ఉంటే 'తప్పు నాదే'.

"సిగ్గు లేదూ, ఊరంతా చదువుతారు!"

"చదవనీ. ప్రతివాడూ తన పెళ్లాం గొడవే అనుకుంటాడు."

"ఫోను చేయొచ్చుగా?"

"చేస్తే కూరేం వండమంటారని అడుగుతావు."

ఇంటికి బయల్దేరే ముందు మాత్రం ఎప్పుడూ ఒకటే మాట. 'వస్తున్నా'. అది చూసి నేను అన్నం వేడి చేసేదాన్ని.

ఆ రోజూ అదే పెట్టాడు. నేను పొయ్యి వెలిగించాను. దారిలో ఎవరో పిలిచారట, ఆన్‌లైన్లో పరీక్ష రాస్తున్న పిల్లలకి వైఫై పోయిందని. మళ్లీ ఎవడో తీగ తప్పు కన్నంలో పెట్టాడు. మెట్లెక్కి, వెతికి, సరిచేసి, దిగుతూ మెట్ల మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు.

అన్నీ అయిపోయి, వచ్చినవాళ్లంతా వెళ్లాక ఫోను తీశాను. 'వస్తున్నా' అని అలాగే ఉంది.

ఎవరికీ చెప్పలేదు. కరెంటు పోతే నా ప్రాణం పోయేది, కరెంటు వస్తే ఆ మాట మళ్లీ వచ్చేది. పొయ్యి దగ్గర నిలబడి దాన్ని చూస్తే ఆయన లేడనిపించేది కాదు, ఇంకా రాలేదనిపించేది.

ఆయన కింద పనిచేసినతనికే ఆ ఉద్యోగం ఇచ్చారు. పొడుగ్గా ఉంటాడని మా ఆయన అతన్ని నిచ్చెన అనేవాడు. నన్ను అక్కా అని పిలుస్తాడు. ఒక మధ్యాహ్నం ఫోను పట్టుకుని సందులో ఆగి ఆగి నడుస్తూ వచ్చాడు. ఆ నడక నాకు తెలుసు.

"పరీక్షల ముందు దొంగ డబ్బాలన్నీ తీసేయమన్నారక్కా. ఒక్కటే దొరకట్లేదు. వెధవలు ఏం పేరు పెట్టారో చూడండి, వస్తున్నా అట! రారా బాబూ, నేనూ అదేగా అడుగుతోంది!"

నేను నవ్వలేదు. అతను నా ముఖం చూసి ఫోను దించేశాడు.

"అది మీ బావది" అన్నాను. అంతా చెప్పాను.

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ఉంచడానికి లేదక్కా. కొత్త యంత్రం పెట్టారు, ఏ దొంగ డబ్బా ఉన్నా నేరుగా పైవాళ్లకే చూపిస్తుంది. కానీ ఊడదీసి మీ చేతికే ఇస్తా. ఎలాగూ క్వార్టర్ ఖాళీ చేస్తున్నారుగా, వెళ్లినచోట ప్లగ్గు పెట్టండి చాలు. ఆ మాట లోపలే ఉంటుంది, ఎక్కడికీ పోదు. నాదీ పూచీ."

ఆయన పోయాక మొదటిసారి నాకు ఊపిరాడింది. అతని వెంట నేనూ వెళ్లాను.

సామాన్ల గదిలో ఆయన టీ గ్లాసు బోర్లించి ఉంది. నిచ్చెన అలమారా జరిపాడు. సాలెగూడు మధ్య డబ్బా మీద పచ్చ లైటు. అతను వంగి, జేబులోంచి పిన్నీసు తీసి, వెనక కన్నంలో గుచ్చి నొక్కి పట్టుకున్నాడు. లైట్లన్నీ ఆరి మళ్లీ వెలిగాయి. అప్పుడు ప్లగ్గు లాగబోయి, చెయ్యి అలాగే ఆపేశాడు.

మెల్లగా నేల మీద చతికిలబడ్డాడు.

"అక్కా... చెరిపేశాను. చేతి అలవాటు... నా చెయ్యి పడిపోను!"

మా ఆయన నేర్పిన అలవాటు. పిన్నీసు కూడా నాదే.

"ఇప్పుడే మళ్లీ రాసిస్తానక్కా. అదే మాట, అక్షరం పొల్లుపోకుండా."

"వద్దు తమ్ముడూ. నువ్వు రాస్తే నువ్వు వస్తున్నట్టవుతుంది."

అంత మనిషీ మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చాడు. నేను వీపు నిమిరాను. "మీ బావ చెప్పినట్టే చేశావు" అన్నాను. ఆ మాట నిజమే. నిజమైనందుకే నోరు దాటడం కష్టమైంది.

సాయంత్రం వంటింట్లో ఫోను తీశాను. కాలేజీ పేరొక్కటే ఉంది. ఇన్నేళ్లూ ఆయన తిరిగింది ఇందుకే, ఇంకెవరూ అరవకూడదని. పొయ్యి ముందు కాసేపు నిలబడ్డాను. ఎప్పుడు వెలిగించాలో తెలియలేదు.

అన్నం చల్లగానే తిన్నాను.