నాయుడుగారు గుర్తుపట్టలేని గొంతు

1968 చలికాలం. శ్రీకాకుళం జిల్లాలోని ఒక మిషన్ ఆసుపత్రిలో కంటివార్డు నా చేతి కింద ఉండేది. పన్నెండు మంచాలు, నాతో కలిపి ఇద్దరు నర్సులు, ఒక ఆయా, ఊడ్చి తుడిచే ఎల్లమ్మ. నాకప్పటికి ముప్పై నిండలేదు గానీ నా నోటికి మాత్రం యాభై ఏళ్లుంటాయని మావాళ్లు వేళాకోళం చేసేవారు. వార్డు నడపాలంటే ఆ నోరే కావాలని నా నమ్మకం.

ఇప్పుడు కేటరాక్ట్ ఆపరేషన్ అంటే పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంట్లో కాఫీ తాగుతున్నారు. కంట్లో శుక్లం తీయడమే అది. ఆ రోజుల్లో అలా కాదు. కోసింది ఒక కన్నే అయినా రెండు కళ్లకూ కట్టు కట్టేసేవాళ్లం. తలకు రెండు పక్కలా శాండ్ బ్యాగులు, అంటే ఇసుక నింపిన చిన్న గుడ్డసంచులు, తల కదలకుండా ఆన్చేవాళ్లం. ఎనిమిది రోజులు వెల్లకిలా పడుకోవాలి. దగ్గకూడదు, తుమ్మకూడదు, గట్టిగా నవ్వకూడదు. కుట్టు విడిపోతే కన్ను లోపలి పొర బయటికి వచ్చేస్తుంది, ఇక ఆ కన్ను మీద ఆశ వదులుకోవడమే.

అలాంటి మంచం మీదికి సింహాచలం నాయుడుగారు వచ్చారు. శ్రీముఖలింగానికి ఎగువన, వంశధార ఒడ్డున ఒక ఊరికి పంచాయతీ ప్రెసిడెంటు. అరవై ఏళ్లు. ఎడమకన్ను ఎప్పుడో నాటువైద్యానికి బలైపోయింది. మిగిలిన కుడికన్నుకే ఆపరేషన్. మనిషి మాట్లాడితే తలా చేతులూ కూడా మాట్లాడతాయి. రెండో రోజుకే ఒక శాండ్ బ్యాగు కింద పడింది. పెద్ద డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి, ఈయన్ని ఎలా కుదురుగా ఉంచుతావో నీ ఇష్టం, ఉన్నది ఒక్క కన్ను అన్నారు.

ఆయన ట్రంకుపెట్టెలో రెండు పుస్తకాలు కనిపించాయి. ఒకటి రాజుల చరిత్ర. రెండోదానికి అట్టా మొదటి పేజీలూ లేవు. ఎక్కడో ఒక పట్టణానికి చాలా ఏళ్లు మునిసిపల్ ఛైర్మన్‌గా చేసిన పెద్దాయన రాసుకున్న జ్ఞాపకాలు. నాయుడుగారికి సమితి ప్రెసిడెంటు, అంటే చుట్టుపక్కల పంచాయతీలన్నిటికీ పైవాడు, కావాలని ఆశ. పెద్దవాళ్లు ఎలా పెద్దవాళ్లయ్యారో తెలుసుకుందామని ఆ పుస్తకాలు సంపాదించారు, ఇంతలో కన్ను మసకేసింది. నేను బేరం పెట్టాను. తల కదపకపోతే రోజూ మధ్యాహ్నం అరగంట చదువుతాను. కదిపితే పుస్తకం మూసేస్తాను. ఆయన ఒప్పుకున్నారు.

మొదట రాజుల చరిత్ర చదివాను. ఏ రాజు ఏ చెరువు తవ్వించాడో, ఎక్కడ శాసనం వేయించాడో వచ్చినప్పుడల్లా ఆయనకు మహదానందం. ఆ ఆనందానికి కారణం ఉంది. సమితి నుంచి వాళ్ల ఊరికి తాగునీటి నుయ్యి మంజూరైంది. ఎక్కడ తవ్వాలో పంచాయతీ తీర్మానం చేసి పంపాలి. రామాలయం ముందు, వాళ్ల వీధి మొగలో తవ్వించి, పక్కన తన పేరుతో రాయి నాటించాలని ఆయన సంకల్పం. ఆ వీధిలో ఇప్పటికే రెండు నూతులున్నాయని ఆయనే చెప్పారు. మరి మూడోది దేనికి అన్నాను. "గుడి ముందయితే పదిమందీ సూస్తారు సిస్టరమ్మా," అన్నారు. నీళ్లు తాగడానికా, చూడడానికా అని నోటిదాకా వచ్చింది. రోగితో వాదన నర్సుకు తగదని మింగేశాను.

తరువాత ఛైర్మన్ పుస్తకం మొదలుపెట్టాను. వానాకాలంలో ఆయనే గొడుగేసుకుని కాలవలు చూసుకోవడం, తన ఇంటి ముందు రోడ్డు అన్నిటికంటే చివర వేయించుకోవడం, ఇలాంటి సంగతులు బాగానే నడిచాయి. మధ్యలో ఆయన తన తప్పులు చెప్పుకున్న అధ్యాయం ఒకటి వచ్చింది. నాకు ఆవలింతలు వచ్చి, మెల్లగా దాటించేశాను.

"రొండు కాగితాలు ఒకేపాలి తిప్పీసినావు సిస్టరమ్మా," అన్నారు నాయుడుగారు, తల కదపకుండా.

దొంగ దొరికిపోయింది. వెనక్కి వెళ్లి చదివాను. ఛైర్మన్ ఊరి సంతకు పెద్ద రేకుల కప్పు వేయించారట. ముందుగా కొట్ల వర్తకులందరినీ పిలిచి అడిగారట. ఆరునెలలు పోయాక ఒకరోజు చూస్తే, కూరగాయల గంపలవాళ్లు మాత్రం ఎప్పటిలాగే ఎండలో ఉన్నారు. కప్పు కింద చోటంతా కొట్లకే సరిపోయింది. వాళ్లను ఎవరూ అడగలేదు, వాళ్లు మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే అనుకున్నానని రాసుకున్నారు. నాయుడుగారికి ఇది నచ్చలేదు. అడగందే అమ్మయినా పెట్టదు కదా, గంపలవాళ్లదే తప్పు, వాళ్లే వచ్చి అడగాలి అని తీర్పు చెప్పేశారు.

కళ్లకు కట్టు ఉన్నా ఆయన దర్బారు ఆగలేదు. సాయంత్రం నాలుగింటికి ఊరివాళ్లు వచ్చేవారు. అడుగుపెట్టి ఒక్కమాట అంటే చాలు, పేరుతో సహా పట్టేసేవారు. సాలూరులో లారీ నడిపే ఆయన బావమరిది ముక్కు మూసుకుని ఆడగొంతుతో పలకరించినా, "ఒరే బావా, నీ గొంతుక లారీ హారనయిపోనాదిరా, దాసినా దాగదు," అన్నారు. వార్డంతా నవ్వింది. నేను మాత్రం శాండ్ బ్యాగు పట్టుకుని నిలబడ్డాను. మా ఊర్లో నా చెవికి తెలీని గొంతుక నేదు సిస్టరమ్మా, ప్రెసిడెంటంటే అలగుండాలని ఆయన గొప్ప చెప్పుకునేవారు.

అయిదో రోజు సాయంత్రం అందరూ వెళ్లిపోయాక, ఒక నలభై అయిదేళ్ల ఆవిడ వార్డు గుమ్మంలో చాలాసేపు నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే వచ్చి, మంచం కాళ్ల దగ్గర ఆగిపోయింది.

"కన్ను ఎలాగున్నాది బాబూ?" అంది.

నాయుడుగారి ముఖంలో నవ్వు మొదలై మధ్యలో ఆగింది. మళ్లీ మాట్లాడమన్నారు. ఆవిడ మాట్లాడింది. రెండుసార్లు విన్నా ఎవరో అందలేదు.

"ఎవులమ్మా నువ్వు? ఏ ఊరు?"

"మన ఊరే బాబూ. పేట గురువులమ్మని."

 నాకేమీ అర్థం కాలేదు. ఆయనే, ఎంతో కష్టం మీద, ఈమె మా పంచాయతీ మెంబరు సిస్టరమ్మా అన్నారు. రిజర్వు సీటులో నాలుగేళ్లుగా మెంబరు. ప్రతి మీటింగుకీ వచ్చి గోడవార నిలబడేది. నాలుగేళ్లలో ఆ గొంతు ఆయన వినలేదు.

గురువులమ్మ తన పని మీదే ఆసుపత్రికి వచ్చింది. రెండేళ్ల మనవరాలు విరేచనాలతో పిల్లల వార్డులో ఉంది. అంటరానివాళ్లని ఊరికి ఎడంగా ఉంచిన వాళ్ల పేటకు నుయ్యి లేదు. ఊరి నూతుల్లో పేటవాళ్లు చేద వేయకూడదు. ఏటి ఇసుకలో చెలమ తవ్వుకుని, ఊరిన నీళ్లే ముంచుకుంటారు. పశువులూ అక్కడే దిగుతాయి. ఇదంతా ఆవిడ చెప్పలేదు, పిల్లల వార్డు నర్సు చెప్పగా తరువాత నాకు తెలిసింది. మా తాత పుట్టింది కూడా అలాంటి పేటలోనే. బాప్టిస్టు గుడీ బడీ మమ్మల్ని అక్కడి నుంచి తెచ్చి తెల్లచీర కట్టించాయి. 

"మీటింగులో ఒక్కనాడూ మాటాడవేటి?" అని అడిగారు నాయుడుగారు.

"మీరడగనేదు బాబూ. ఏలిముద్ర ఎయ్యమన్నారు, ఏసినాను. మొన్న కూడా గుమస్తా బాబొచ్చి ఏయించుకున్నాడు. దేనికో సెప్పనేదు."

ఇందులో నిష్ఠూరం ఏమీ లేదు. సంగతి చెప్పినట్టే చెప్పింది. రెండు అరటిపళ్లు మంచం పక్కన పెట్టి, కన్ను బాగవ్వాలని దండం పెట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు నాయుడుగారు రాజుల పుస్తకం వద్దన్నారు. ఆ సంత కప్పు అధ్యాయం చదవమన్నారు. చదివాను. ఇంకోసారి అన్నారు. ఇంకోసారి చదువుతుండగానే పంచాయతీ గుమస్తా సంచీతో దిగాడు. నుయ్యి తీర్మానం రాసి తెచ్చాడు, ప్రెసిడెంటు సంతకం ఒక్కటే తక్కువ. చదవమన్నారు నాయుడుగారు. రామాలయం ముందు నుయ్యి తవ్వించుటకు సభ్యులందరూ ఏకగ్రీవంగా అంగీకరించారని రాసి ఉంది. చివర పేర్లు. చిట్టచివర గురువులమ్మ, వేలిముద్ర.

"నానిక్కడ పడుకునుంటే మీటింగు ఎప్పుడైనాది?"

ఎప్పటిలాగే ఇంటింటికీ తిరిగి సంతకాలు, వేలిముద్రలు వేయించానని గుమస్తా తాపీగా చెప్పాడు. పాపం, అతని తప్పేముంది, నాలుగేళ్లుగా జరుగుతున్నదే. గురువులమ్మ ఏటన్నాదని నాయుడుగారు అడిగితే, ఆవిడ అనడానికేముంది బాబూ అని నవ్వి, కలం ఆయన వేళ్ల మధ్య పెట్టబోయాడు.

నాయుడుగారు ఒక్కసారిగా లేవబోయారు. నేను పుస్తకం విసిరేసి రెండు చేతులతో ఆయన తల పట్టుకున్నాను. "ఉన్నది ఒక్క కన్ను నాయుడుగారూ. అది పోగొట్టుకుంటే ఇక ఎవరి ముఖం చూస్తారు?" అని కేకలేశాను. ఆయన వెనక్కి వాలారు.  "సూడకుండా సంతకం పెట్టను. కాగితం అట్టుకుపో," అన్నారు గుమస్తాతో. గుమస్తా నా వైపు చూశాడు, మనిషికి జ్వరమేమో అన్నట్టు.

ఎనిమిదో రోజు కట్టు విప్పాం. శుక్లం తీసిన కంటికి అద్దం లేకపోతే అన్నీ పొగమంచే. డాక్టరుగారు మందపాటి అద్దం ఒకటి కంటి ముందు పెట్టి, వేళ్లు చూపించి, ఎన్ని అన్నారు. నాయుడుగారు సరిగ్గా చెప్పారు. కన్ను దక్కింది. నేను గోడ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాను, ఎవరూ చూడలేదనే అనుకుంటున్నాను. ఆయన అడిగిన మొదటి మాట, గురువులమ్మ ఉన్నాదా, ఎళ్లిపోనాదా అని. పాప ఇంకా మా ఆసుపత్రిలోనే ఉంది. పిలిపించాను.

ఆయన అద్దం పట్టుకుని ఆవిడను చాలాసేపు చూశారు.

"నీ మొకం ఎరుగుదును గురువులమ్మా. నీ గొంతుకే ఎరగను. తప్పు నాదే," అన్నారు. ఆ వెంటనే, "నుయ్యి ఎక్కడ తవ్వాలో సెప్పు," అన్నారు.

ఆవిడ నన్ను చూసింది, డాక్టరుగారిని చూసింది. తరువాత చెప్పింది. పేట నడిమధ్య అంటుందని నేననుకున్నాను. కాదు. పేట మొదట్లో, ఏటికి వెళ్లే దారి పక్కన అంది. అక్కడైతే పేటకు దగ్గరవుతుంది, దాని వెనక కుమ్మరివీధి ఆడవాళ్లకూ నడక తగ్గుతుంది, పొలాలకు వెళ్లే కూలివాళ్లు దారిలోనే తాగుతారు. మాకొక్కలికే అయితే రేపు ఊరోళ్లు పూడిస్తారు బాబూ, పదిమందీ తాగితే ఎవులూ పూడ్సరు అంది. ఎన్ని రోజుల నుంచి మనసులో కట్టుకుని ఉందో ఆ నుయ్యి, రాయి రాయితో సహా. నాయుడుగారు పుస్తకాల్లో వెతుకుతున్న పెద్దరికం మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉంది. దాన్ని అడిగినవాళ్లే లేరు.

ఎండాకాలం చివర మా ఆసుపత్రి జీపు కంటి పరీక్షలకు ఆ ఊరు వెళ్లింది. నాయుడుగారు మందపాటి కళ్లద్దాలతో ఎదురొచ్చి, నన్ను నేరుగా నుయ్యి దగ్గరికి తీసుకెళ్లారు. ఆ నుయ్యి ఊరికే రాలేదని దారిలో చెప్పారు. సొంత అన్నదమ్ములు మూడు నెలలు మాట్లాడలేదట. సమితి ప్రెసిడెంటు పదవి మాట ఇక ఎవరూ ఎత్తడం లేదట. చెబుతూ నవ్వారు గానీ ఆ నవ్వులో కొంచెం నొప్పి ఉంది. పేరు రాయి ఏదండీ అని అడిగాను. "రాయికి బదులు గిలక ఏయించినాను. ముసిలోళ్లకి తోడుకోడానికి ఈజీగా ఉంటాది," అన్నారు.

ఆ కేసు నాకు నేర్పింది నా వార్డులోనే పనికొచ్చింది. పొద్దున డ్యూటీ మారేటప్పుడు రిపోర్టు అని చెప్పుకుంటాం, ఏ రోగి ఎలా ఉన్నాడో ఒకరికొకరు అప్పజెప్పుకోవడం. నర్సులం చెప్పుకుని, పుస్తకంలో రాసుకుని వెళ్లిపోయేవాళ్లం. ఎల్లమ్మ చీపురు పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడి ఉండేది. నాయుడుగారు డిశ్చార్జి అయి వెళ్లిన మర్నాడు మొదటిసారి, నువ్వేం చూశావు ఎల్లమ్మా అని అడిగాను. మూలమంచం తాత మూడు రోజులుగా తాగమని ఇచ్చిన నీళ్లు మంచం కింద ఒంపేస్తున్నాడమ్మా, ఒంటేలుకి గిన్నె పెట్టమని మిమ్మల్ని అడగడానికి సిగ్గు అంది. మేమేమో ఆయన పెదాలు ఎండిపోతున్నాయని చలిగాలి మీదికి నెట్టేస్తున్నాం. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా ఎల్లమ్మ లాంటివాళ్ల మాట వినకుండా నా రిపోర్టు పూర్తి కాలేదు. ఎందరి ప్రాణాలు అది కాపాడిందో లెక్క చెప్పలేను. అట్టలేని ఆ పుస్తకానికి, తప్పు నాదేనని నలుగురిలో అన్న నాయుడుగారికి, అడగగానే చెప్పిన గురువులమ్మకు ఈ జన్మకు నేను రుణపడే ఉన్నాను.

ఆ ఎండాకాలం, నాయుడుగారి ఊళ్లో, నూతి గట్టు మీద నిలబడి దోసిలి పట్టి నీళ్లు తాగుతుంటే, వెనక ఎక్కడి నుంచో, "సిస్టరమ్మా, ఎప్పుడొచ్చినావు?" అని కేక వినిపించింది. నేను వెనక్కి తిరగకుండానే అడిగాను.

"గురువులమ్మా, మనవరాలు బాగుందా?"