ఒక చెంపకే పౌడర్

ఆ రోజుల్లో, అంటే అరవైల మొదట్లో, వికారాబాద్‌లో ఆడపిల్ల ఉద్యోగానికి పోతోందంటే టీచరమ్మో నర్సమ్మో అనుకునేవారు. నేను ఆ రెండూ కాదు, ఆసుపత్రి ల్యాబులో పనిచేసేదాన్ని. (ల్యాబంటే ఏమిటో చెప్పలేక మా నాయిన, అడిగినవాళ్ళకల్లా "దవాఖానల సీసాలు చూస్తది" అని చెప్పి తప్పించుకునేవాడు.) మా పైన ఒక డాక్టరమ్మ ఉండేది. ఆమెను చూస్తే నాకు ఎంత ముచ్చటంటే, ఆమె కోటు జేబులో పెన్ను పెట్టుకుంటుందని, నాకు జేబు లేక జడలో పెట్టుకొని తిరిగాను కొన్నాళ్ళు. జడకు సిరా అంటుకుంటే గాని మానలేదు.

ఆ డాక్టరమ్మకు ఒక సందేహం పట్టుకుంది. మన ఒంటి మీద కంటికి కనబడని సూక్ష్మజీవులు బతుకుతుంటాయి కదా, నుదుటి మీద ఉండేవీ చంకలో ఉండేవీ ఒకటేనా? మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ తేడా ఉందా? మొహానికి స్నో క్రీములూ పౌడర్లూ రాస్తే అవి ఏమవుతాయి? మాంసం రసంలో సముద్రపు నాచు పొడి వేసి కాచి గాజు గిన్నెల్లో పోస్తే జున్నులా గడ్డకట్టేది. తడి దూదితో చర్మాన్ని తుడిచి దాని మీద రాసి వెచ్చగా ఉంచితే, మర్నాటికల్లా చుక్కలు చుక్కలుగా మొలిచేవి. ఆసుపత్రిలోని మగవాళ్ళు చొక్కాలు విప్పి వరసలో నిలబడ్డారు. ఆడవాళ్ళు మాత్రం చంక అన్న మాట వినగానే పారిపోయారు. మిగిలింది నేనొక్కదాన్ని. ఎడమ చెంపకు రోజూలాగే స్నో, పౌడర్ రాయాలి, కుడి చెంపకు ఏదీ తగలకూడదు, సోమవారం రెండింటినీ తుడిచి చూద్దామంది డాక్టరమ్మ. నేను గర్వంగా తలూపాను.

ఆదివారం తాండూరు నుంచి పెళ్ళిచూపులకు వస్తున్నారని ఇంటికి వెళ్ళాక తెలిసింది. అబ్బాయి నాపరాళ్ళ గని ఆఫీసులో గుమాస్తా. వాళ్ళది యాలాల్ దగ్గర పల్లె, గొర్ల కాపరుల కుటుంబం. మా అమ్మ పొద్దున్నుంచీ పౌడర్ డబ్బా పట్టుకొని నా వెంటే తిరిగింది.

"గీ ఒక్కపూట రాసుకో బిడ్డా. డాక్టరమ్మకు ఎట్ల తెలుస్తది?"

"డాక్టరమ్మకు తెల్వదు. గాజు గిన్నెకు తెలుస్తది" అన్నాను.

నా రంగు చామనఛాయ. పౌడరేమో తెల్లటి తెలుపు. అలా సగం పిండి, సగం మనిషిగా పోయి చాప మీద కూర్చున్నాను. అబ్బాయి చూసి తల దించుకున్నాడు. అతని మేనమామ చాయ్ కప్పు పక్కన పెట్టాడు. అబ్బాయి తల్లే అడిగింది.

"మీ ఇంట్ల అద్దం లేదా బిడ్డా?"

అక్కడ ఏదో ఒక అబద్ధం చెప్పి ఉంటే సరిపోయేది. నేను డాక్టరమ్మ శిష్యురాలిని కదా, ఉన్నదున్నట్టు చెప్పాను. మొహం మీద పురుగులుంటాయనీ, పౌడర్ రాసిన వైపు ఏమవుతాయో చూస్తున్నామనీ. సూక్ష్మజీవులంటే అర్థం కాదని పురుగులన్నాను. ఎంత పెద్ద తప్పు చేశానో ఆ మాట వినగానే మేనమామ రుమాలు దులిపి భుజాన వేసుకున్నప్పుడు తెలిసింది. రైలుకు ఆలస్యమవుతుందన్నాడాయన. రైలు సాయంత్రానికి గాని లేదు. మా అమ్మ తలుపు చాటున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అబ్బాయి తల్లి మాత్రం కదలలేదు. "నాకు గూడ ఉంటయా?" అని అడిగింది.

"అందరికి ఉంటయి అత్తమ్మా. ఏం చెయ్యయి. మంచిగనే ఉంటయి."

"మావోనికి?"

అబ్బాయి నుదురు స్నోతో, తలనూనెతో నిగనిగలాడుతోంది. "ఆయనకు జర ఎక్కువనే ఉంటయేమో" అన్నాను. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వి, తమ్ముణ్ణి కూర్చోమంది. తర్వాత, తన ఒంటి మీదివి తనకు చూపిస్తావా అని అడిగింది.

సోమవారం ఆమె కొడుకును వెంటబెట్టుకొని రైలు దిగి నేరుగా ఆసుపత్రికి వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక స్నో ముట్టని మనిషి దొరికిందని డాక్టరమ్మ పొంగిపోయింది. తెర వెనక ఆమె ఏ బిడియమూ లేకుండా చెయ్యెత్తితే, బయట నిలబడ్డ నర్సమ్మలు మొహాలు చూసుకొని ఒక్కొక్కరే తెర వెనక్కి వచ్చారు. నేను రోజుల తరబడి బతిమాలినా జరగని పని అది. ఆ మనిషి ఇంట్లో ఉండాలని నేను నిర్ణయించుకున్నది అప్పుడే. (అబ్బాయి గురించి తర్వాత ఆలోచించాను.)

గిన్నెలు చూడ్డానికి కూడా ఆమె మళ్ళీ వచ్చింది. ముంజేతి గిన్నెలో నాలుగు చుక్కలే. చంక గిన్నెలో సందు లేదు. ఆమె కొడుకు నుదుటి గిన్నె వేరే తీరుగా ఉంది. ఆమె తన గిన్నెను వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది.

"గొర్లను అమ్మేసినంక ఇగ సాకుటానికి ఏం లేదనుకున్న" అంది. "గింతమందిని సాకుతున్ననా నేను?"

డాక్టరమ్మ నవ్వలేదు. ఆమె చెయ్యి పట్టుకొని "అవునమ్మా" అంది.

ఆ పరీక్షల్లో గట్టిగా ఏమీ తేలలేదు. నా రెండు చెంపలకూ తేడా కనబడింది గాని, కొద్దిమందిని చూసి చెప్పకూడదని డాక్టరమ్మ ఊరుకుంది. తర్వాత ఆమెకు బదిలీ అయింది. మా అత్తమ్మ కూడా పోయి చాలా ఏళ్ళయింది. నేనిప్పుడు పక్కింటికి పేరంటానికి వెళ్ళాలన్నా బొట్టు నడిమిట్లో ఉందో లేదో రెండుసార్లు చూసుకుంటాను, మా ఆయన్ని ఒకసారి చూడమంటాను. ఆయన విసుక్కుంటే నవ్వొస్తుంది. ఆ చాప మీద కూర్చున్న పిల్ల ఎవరో, దానికి అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో!