గాలిలో వేళ్లు వేసిన అక్క దానిమ్మ

పోచంపల్లిలో మా అక్క నాటిన దానిమ్మకు కాండం తొలిచే పురుగు పట్టింది. అక్క పోయి మూడేళ్లయింది, చెట్టు కూడా పోతే ఆమె చేత్తో పెట్టినదేదీ మిగలదు. అందుకే వానాకాలం మొదట్లోనే కొమ్మలకు గాలి అంటు కట్టమని బావకు ఫోన్లో చెప్పాను. కొమ్మ చుట్టూ వేలెడు వెడల్పున బెరడు తీసి, అక్కడ తడి కొబ్బరి పీచు పెట్టి, పైన ప్లాస్టిక్ కవరు కడితే, చెట్టు మీద ఉండగానే కొమ్మకు వేళ్లొస్తాయట. రెండు నెలలకు బావ ఫోన్ చేశాడు. "ఆదివారం కోస్త, రా" అన్నాడు.

మా కల్వకుర్తిలో ఆరుంబావుకు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్లకు చార్జీ లేని జీరో టికెట్టు, ఆధార్ కార్డు మరిచిపోవద్దు. పక్క సీటు ముసలామె నా ఒళ్లో ఉన్న చిన్న ఖాళీ బకెట్టు చూసి, "దాంట్ల ఏం తెస్తవ్ బిడ్డా?" అంది. చెట్టు తెస్తానన్నాను.

"గంత దూరం పోయి చెట్టా? కల్వకుర్తిల దొరకయా?"

దొరుకుతాయి, మా అక్క చెట్టు దొరకదు. ఆ మాట చెబితే ఏడుపొస్తుందని కిటికీ వైపు తిరిగాను.

ఎనిమిదిన్నరకు హైదరాబాద్. బస్టాండులో ఇడ్లీ తిన్నాను, చట్నీ అంతా నీళ్లే. తొమ్మిదింబావు బస్సు పట్టుకుని పదకొండు లోపే పోచంపల్లిలో దిగాను.

పెరట్లో చూస్తే, కట్టిన మూడు కొమ్మల్లో రెండు ఎండిపోయాయి. వాటికి పీచు లేదు, కవరు లేదు. బెరడు తీసిన చోటే సైకిల్ ట్యూబు పట్టీ బిగించి చుట్టి ఉంది. చీర నేసే ముందు, అద్దకంలో రంగు చొరకుండా నూలుకు కట్టే కట్టు అది. బావ చిన్నప్పటి నుంచీ చేసిన పని అదే.

"ఇది చీరెనుకున్నవా బావా? వేరు ఎక్కడికెళ్లి రావాలె?" అని కసిరాను.

"చెయ్యి అలవాటు. మూడోదానికి నువ్వు చెప్పినట్టే పీచు పెట్టిన. ఇప్పి చూసే ధైర్యమే లేదు," అన్నాడు బావ తల వంచుకుని.

నేనే విప్పాను. కవరు తీసేసరికి పీచు నిండా వేళ్లు, తెల్లగా, సేమ్యాల్లా, ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని. మనిషెత్తు మీద, మన్ను ముట్టకుండానే, చచ్చిపోతున్న చెట్టు మీదే ఈ కొమ్మ తన బతుకు తాను చూసుకుంది. ఎవరెన్ని చెప్పినా కళ్లతో చూస్తే గాని నమ్మలేం. నాకు దండం పెట్టాలనిపించింది, పెట్టాను కూడా. బావ ముట్టుకోకుండా మెడ చాచి చాచి చూశాడు. "మీ అక్క సూడాల్సుండె," అన్నాడు.

వేళ్లకు కింద రంపంతో కోసి, సగం ఆకులు తుంచి, బకెట్టులో మట్టి పోసి పెట్టాం. బావ దాన్నే చూస్తుంటే, ఇక్కడే ఉంచుకొమ్మన్నాను.

"వద్దు. గీ పెరట్ల పురుగున్నది. నా చేతుల రెండు సచ్చినయి. నువ్వే తీస్కపో."

అన్నం, పప్పుచారు పెట్టాడు. బకెట్టు పక్కన పెట్టుకుని ఇద్దరం తిన్నాం.

తిరుగు ప్రయాణం మూడింటి బస్సుకు. అంటు మొక్క తెచ్చుకునేవాళ్లు వెనక సీట్లో కూర్చోవద్దు, కుదుపులకు లేత వేళ్లు తెగుతాయి. హైదరాబాద్‌లో బస్సు మారాక కండక్టరు బకెట్టు కింద పెట్టమన్నాడు. పెట్టలేదు. ఆమనగల్లు దాటాక బావ ఫోన్ చేశాడు.

"ఆకులు వాడినయా?"

"లేదు బావా."

"అది పెద్దగయినంక ఒక అంటు కట్టి నాకు పంపియ్యి. అప్పటిదాక పెరట్ల మన్ను మారుస్త."

"నేను కట్టను. నువ్వే వచ్చి కట్టు."

"సరే," అన్నాడు బావ. "పీచు తడిపి పెట్టు."