ఎవడి కంచం ఆడిదే అన్న కూర్మారావు

కూర్మారావు ఇక లేడన్న వార్త డాక్ గేటు ముందు, మట్టి కప్పులో టీ సగం తాగి ఉండగా నా చెవిన పడింది. ఫోన్‌లో అతని భార్య నరసమ్మ. "అన్నయ్యా, మీ బావ మరి లేడు. పంపుహౌసు కాడ కుర్సీలో కూకున్నోడు కూకున్నట్టే ఎల్లిపోనాడు" అంది. మైకు పట్టుకుంటే వదలడని లోకం నిందించే నేను "ఆఁ" అని ఫోన్ పెట్టేశాను. ఏమైంది దాదా అని టీకొట్టు అతను బెంగాలీలో అడిగితే తెలుగులో ఏదో చెప్పాను. పాపం, అతనికి ఏమర్థమైందో తెలియదు.

ఎరగనివారి కోసం రెండు మాటలు. కూర్మారావు ఈ బెంగాలీ మహానగరపు రేవు పేట గార్డెన్ రీచ్‌లో మున్సిపాలిటీ నీటి పంపు నడిపే ఉద్యోగి. ఓడరేవు పనికి శ్రీకాకుళం నుంచి వచ్చినవారి మనవడు. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివేవాడు గానీ తెలుగు పాట తాళం ఏనాడూ తప్పలేదు. సెలవు దినాల్లో మన తెలుగువారి పెళ్లిళ్లకూ అమ్మవారి ఊరేగింపులకూ వ్యాన్ రిక్షా మీద సామాను పెట్టుకుని వచ్చే డీజే అతనే. ఆ పక్కన మైకుతో నిలబడే వ్యాఖ్యాతను నేను. మాకు చుట్టరికం ఏమీ లేదు. బావా అంటే బావా అనుకున్నాం, అంతే.

డీజే అనగానే గుండెలదిరే మోతను ఊహించుకునేవారు అతని యంత్రసామగ్రిని చూసి పెదవి విరిచేవారు. ఒక పాత లాప్‌టాప్, పాటలను కలపడానికి కంట్రోలర్ అనే పళ్లెమంత పలక, సౌండ్ కార్డు, పాటలన్నీ భద్రపరిచిన హార్డ్ డిస్క్, మీటలు కనపడడానికి మెడ వంగే బుల్లి దీపం, లాప్‌టాప్ వేడెక్కకుండా ఒక ఫ్యాను. వీటన్నిటినీ లాప్‌టాప్‌కే తగిలిస్తే దాని శక్తి చాలదు. సరిగ్గా పెళ్లికూతురు మండపంలో అడుగు పెట్టే వేళకే ఏదో ఒకటి కళ్లు తేలేస్తుంది. అందుకని కూర్మారావు సామానంతా హబ్ అనే పలు రంధ్రాల పెట్టెకు తగిలించి, ఆ హబ్‌కు విడిగా అడాప్టర్ అమర్చి, తాను కట్టుకున్న బ్యాటరీ పెట్టె నుంచి కరెంటు ఇచ్చేవాడు. "ఒక్క ఆవుకి ఎన్ని సెంబులెడతావు బావా? ఎవడి కంచం ఆడిదే" అనేవాడు. అది అతని వేదవాక్యం.

సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో ఒక పెళ్లి. పెళ్లికొడుకు మేనమామ, మీసాల మనిషి, తన ఫోన్ చార్జింగ్ తీగ తెచ్చి తిన్నగా లాప్‌టాప్‌కు గుచ్చబోయాడు. నేనైతే మైకులోనే నాలుగు చీవాట్లు పెట్టేవాణ్ని. కూర్మారావు లేచి, సంచిలోంచి చార్జింగ్ పెట్టె ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టాడు. "మావా, ఇది నీకోసమే తెచ్చినాను. తాళి కట్టీదాకా నీ కాడే ఉంచీసుకో" అన్నాడు. ఆయన మురిసిపోయి, చుట్టాలందరికీ దాన్ని చూపించుకుంటూ తిరిగాడు. కాదనడం రాని మనిషి. కాదనవలసి వస్తే ఏదో ఒకటి ఇచ్చి కాదనేవాడు.

అందరితో అంత సౌజన్యం చూపిన మహానుభావుడు నాతో మాత్రం చూపలేదు. అమ్మవారి ఊరేగింపులో మిట్టమధ్యాహ్నం బ్యాటరీ నీరసించింది. బుల్లి దీపం పీకాడు, ఫ్యాను పీకాడు. తరువాత, అమ్మవారి మహిమను నేను ఉపమానాలతో వర్ణిస్తూ ఉండగా, నా మైకు పీకాడు. "ఏటి బావా ఇది?" అని అరిచాను. "నీ సమాసాలు కరెంటు తినేస్తన్నాయి బావా. ముసిలమ్మలు కాలు కదిపినారు, సూడు" అన్నాడు. నిజమే, పండుముసలి అమ్మలు నడుమున కొంగు దోపి పాటకు అడుగు వేస్తున్నారు. అతను చెమటలో తడిసిపోతూ పాట ఒక్కదాన్నీ నిలబెట్టాడు. నాకు కోపం రాలేదని అబద్ధమాడను. వారం రోజులు మూతి ముడుచుకుని కూర్చున్నాను. వారం తరువాత మాట్లాడకుండా ఉండలేక నేనే వెళ్లాను.

వెళ్లక ఏం చేస్తాను? నా ఇంట్లో నేనొక్కణ్నే. డాక్‌లో మాట్లాడేది హిందీ, బజారులో బెంగాలీ. తెలుగులో వేళాకోళమాడడానికీ, తిట్టడానికీ, తిట్లు తినడానికీ ఈ మహానగరంలో నాకున్నది కూర్మారావు ఒక్కడే.

చావు మాట వస్తే "నన్ను సప్పుడు లేకుండా పంపీకండి" అని అతను నవ్వుతూ అనేవాడు. ఆ రోజు నరసమ్మ నవ్వకుండా అదే మాట నాతో అంది. నేను మైకు మనిషినే గానీ సామాను మనిషిని కాను. అయినా ఇంకెవరున్నారని బండి కట్టాను. లాప్‌టాప్, హబ్, కంట్రోలర్, సౌండ్ కార్డు తగిలించాను. హబ్ మీద ఎర్రదీపం వెలిగింది. అంతా సక్రమమే అనుకున్నాను. లాప్‌టాప్‌లోనే ఉన్న నాలుగు పాటలతో అంతిమయాత్ర సాగింది. మెటియాబ్రుజ్ మలుపు దగ్గర, అతనికి ఇష్టమైన పాటల కోసం హార్డ్ డిస్క్ తగిలించాను. కంట్రోలర్ దీపాలు ఆరిపోయి పాట తెగిపోయింది. వెనకనుంచి ఎవరో బెంగాలీ పొరుగాయన అలవాటుగా "కూర్మా దా, కీ హోలో?" అని, ఏమైందని అడుగుతూ కేకేసి, నాలుక కరుచుకున్నాడు.

హబ్‌కు అడాప్టర్ లేదు. దీపం వెలిగింది లాప్‌టాప్ ఎంగిలి కరెంటుతో. సంచి తిరగేసి వెతుకుతుంటే నరసమ్మ తలవంచుకుని చెప్పింది. "ఆయన జేబులో నానే ఎట్టీసినాను అన్నయ్యా. ఎప్పుడూ జేబులోనే ఉండీది కదా." పోయినవారితో వారికి ప్రియమైనది పెట్టి పంపడం మనవారి ఆచారం. ఒకరికి పొగాకు, ఒకరికి వక్కలు. కూర్మారావుకు అడాప్టర్. తిరిగి తీయబోతే పెద్దలు ఒప్పుకోలేదు. "సచ్చినోడికిచ్చింది మళ్లీ తీసీకూడదు" అన్నారు. నడిరోడ్డు మీద పాడె ఆగింది. చప్పుడు లేకుండానే వెళ్లిపోతాడేమోనని నాకు దుఃఖం ముంచుకొచ్చింది.

అప్పుడు నరసమ్మ అంది: "ఆయన్నడిగీసి తీసుకో. నువ్వడిగితే ఇయ్యకుండా ఉంటాడేటి?"

పాడె దించారు. నేను వంగి, చెవి దగ్గర, "బావా, అడాప్టర్ ఇయ్యి" అని అడిగాను. సమాసాలేవీ రాలేదు. జేబులోంచి తీసుకున్నాను. హబ్‌కు తగిలించి, బ్యాటరీ పెట్టెకు కలిపాను. పాట లేచింది. ఆడవాళ్లు గొల్లుమన్నారు.

శ్మశాన ఘాట్ ద్వారం దగ్గర బండి ఆగాలి. "ఇంక ఆపీ అన్నయ్యా" అంది నరసమ్మ. కంట్రోలర్ మీద చెయ్యి వేశాను. ఇన్నేళ్లుగా పాటకు ముందుమాట నాది. ఎవరికీ తెలియకుండా మెల్లగా తగ్గించి ముగించడం అతనిది. ఏ మీట తిప్పేవాడో నేనెన్నడూ చూడలేదు. తీగ పీకడానికి చేతులు రాలేదు. బండిని గోడవారకు తోసి, పాటను పాడనిచ్చి లోపలికి నడిచాను.

ఆ చితి ముందు చేతులు జోడించి నిలుచున్నాను. వేరే డీజేలు వస్తారు, రావాలి కూడా. మన పిల్లల పెళ్లిళ్లకు పాట ఆగకూడదు. కానీ నేను అలిగితే పసిగట్టే మనిషి, నా మైకు పీకే అధికారమున్న మనిషి మరొకడు పుట్టడు.

బయటికి వచ్చేసరికి బ్యాటరీ అయిపోయి పాట ఆగింది. "ఆగిపోయింది బావా" అని చెప్పడానికి పక్కకు తిరిగాను.