సాంబారులో పడిన నర్గిస్ దుంపలు

ఆ సాయంత్రం నేను ఆఫీసు నుంచి ఢిల్లీ జనక్‌పురిలోని మా ఫ్లాటుకు వచ్చేసరికి మామయ్యగారు బాత్‌రూమ్ గుమ్మం దగ్గర గోడకు జారగిలబడి ఉన్నారు. వాంతులు ఆగడం లేదు. చలికాలం మాతో గడపడానికి అత్తయ్యగారితో కలిసి కాకినాడ నుంచి వచ్చి అప్పటికి వారం కూడా కాలేదు. మావారు టూరులో ఉన్నారు.

"షుగరు మాత్ర వేసుకుని సాంబారన్నం తిన్నారమ్మా. అంతే," అన్నారు అత్తయ్యగారు. ఆవిడ ఇంకా భోంచెయ్యలేదు.

నర్సింగ్ హోమ్‌కు చేరేసరికి ఆయన ఒళ్లంతా చెమటలు, మాట ముద్దగా వస్తోంది. డాక్టరు బ్లడ్ షుగర్ చూసి, "హైపోగ్లైసీమియా, షుగర్ బాగా పడిపోయింది. తిన్నదంతా బయటికొచ్చేసింది, మాత్ర మాత్రం పని చేస్తోంది," అన్నారు. గ్లూకోజ్ డ్రిప్ పెట్టాక ఆయన నన్ను గుర్తుపట్టారు. హమ్మయ్య అనుకున్నాను. తెల్లారేసరికి షుగర్ మళ్లీ పడిపోయింది.

చూడటానికి వచ్చిన కింది ఫ్లాట్ ఆంటీ సాంబారు మాట విని నిలబడిపోయారు. "బేటా, నిన్న మాతాజీకి నర్గిస్ పూల దుంపలు ఇచ్చాను, కుండీలో పెట్టమని. అచ్ఛా అచ్ఛా అన్నారు."

అత్తయ్యగారికి వచ్చిన హిందీ ఆ ఒక్క మాటే. ఆ ఏడాది ఢిల్లీలో ఉల్లిపాయలు దొరకడమే గగనం. ఆ దుంపలు చూడటానికి అచ్చం ఉల్లిపాయల్లాగే ఉండటంతో, కింది ఆంటీ ప్రేమగా సాంబారు ఉల్లిపాయలు ఇచ్చారనుకుని సంబరపడి సాంబారులో వేసేశారు.

సంగతి చెప్పగానే డాక్టరు, "ఆ దుంపల్లో విషం ఉంటుంది, ఉడికించినా పోదు. వెంటనే తెచ్చారు కాబట్టి సరిపోయింది," అన్నారు.

మామయ్యగారు కోలుకుని ఇంటికొచ్చారు. అత్తయ్యగారే వంటింటి గడప తొక్కలేదు. "నా చేత్తోనే పెట్టానమ్మా," అని కళ్లు ఒత్తుకునేవారు. ఎవరెంత చెప్పినా వినలేదు. చివరికి ఒకరోజు మామయ్యగారు కంచం ముందు కూర్చుని, "మాత్ర చేతిలో ఉంది. నువ్వు వండి వడ్డిస్తేనే వేసుకుంటాను," అన్నారు. ఆవిడ కొంగు దోపుకుని లేచారు.

మిగిలిన దుంపల్ని ఇసుక కలిపిన మట్టిలో, మెడ కాస్త పైకి కనిపించేలా నాటాను. ఎండ తగిలేచోట కుండీ పెట్టి, పైమట్టి ఆరాకే నీళ్లు పోశాను. జనవరి పొగమంచులో తెల్లటి పూలు విచ్చుకుని బాల్కనీ అంతా ఘుమఘుమలాడింది. అన్నాళ్లూ అటు చూడని అత్తయ్యగారు వంగి వాసన చూసి, "పాపం, దీని తప్పేముంది," అన్నారు.

ఇప్పుడు మామయ్యగారికి షుగర్ అదుపులో ఉంది. వంట ఆవిడదే.

మీ ఇంటికి పూల దుంపలు వస్తే ఆ పూటే నాటేయండి. కుదరకపోతే పేరు రాసి వంటింటికి దూరంగా పెట్టండి. అవేమిటో ఇంట్లో అందరికీ, వాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పండి.