మరుగుదొడ్ల మీద నా పరిశోధన

నేను పీహెచ్‌డీ చేసే రోజుల్లో మా అనంతపురం పక్క మండలంలో బడుల మరుగుదొడ్లన్నీ తళతళలాడాయి. ఆ ఘనత నాదే. ఆ తళతళల్లో నా చదువు ఎలా జారిపడిందో చెబుతాను, నవ్వండి. ఏమీ అనుకోను, మా గైడ్‌గారు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

నా పరిశోధన ఆ మండలం టీచర్ల వాట్సాప్ గ్రూపు మీద. వాళ్లు ఏం మాట్లాడుకుంటారు, ఎలా కలిసిమెలిసి ఉంటారు, అదంతా లోపల కూర్చుని చూసి రాయాలి. గ్రూపు నడిపే హెడ్మాస్టరు రామాంజనేయులు సార్‌ని బతిమాలి చేరాను. దొంగచాటుగా చదవడం పాపం కదా, అందుకని చేరగానే కష్టపడి ఒక సందేశం రాశాను: "ఉపాధ్యాయులందరికీ నమస్కారం. నేను యూనివర్సిటీ పరిశోధకురాలిని. నేటి నుండి మీ ప్రతి సందేశాన్ని మౌనంగా పరిశీలించి నమోదు చేసుకుంటాను. మీరు మాత్రం సహజంగా ఉండగలరు."

ఆ రోజంతా గ్రూపు పరీక్ష హాల్లా మూగబోయింది. మర్నాడు పొద్దున్నే ఒక సార్ కడిగిన మరుగుదొడ్డి ఫొటో పెట్టారు. కింద ఒక మేడమ్ "అద్భుతం సార్" అని రాసి తమ బడిది పెట్టారు. ఆ తర్వాత రోజూ అదే వరస. వాళ్ల భక్తికి నా కళ్లు చెమర్చాయి. మీరు నవ్వుతున్నారు గానీ, "ఉపాధ్యాయ సమాజంలో శుచి ఆరాధన" అని ఏకంగా ఒక అధ్యాయం రాసి పారేశాను.

గైడ్‌గారు చదివి కళ్లజోడు తీశారు.

"ఇందులో ఒక్కరూ జోకు వేయరు, ఎవరినీ తిట్టుకోరు, బదిలీల మాటే ఎత్తరు. వీళ్లు టీచర్లేనామ్మా?"

"దేవతలు సార్."

"దేవతల మీద పీహెచ్‌డీ ఇవ్వరు. వెళ్లి కళ్లారా చూసిరా. ఇది తప్పయితే నెలాఖరుకు నీ రిజిస్ట్రేషను పోతుంది."

మర్నాడే పామిడి బస్సెక్కి ఆ హెడ్మాస్టరు బడికి పోయాను. రామాంజనేయులు సార్ కూర్చోమని కూడా అనకుండా నేరుగా మరుగుదొడ్ల దగ్గరికి తీసుకుపోయారు.

"చూసుకోండి మేడమ్. బోరు ఎండిపోయినా ట్యాంకరు తెప్పించి కడిగిస్తాండాము. తాగేదానికన్నా దీనికే నీళ్లు ఎక్కువ పోతాండాయి."

"సార్, నేను వీటికోసం రాలేదు. మీ గ్రూపు అర్థం కాకపోతే నా చదువు పోతుంది," అంటూ అక్కడే ఏడ్చేశాను. నిజంగానే భయమేసింది.

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "ఏమ్మా, నువ్వు నిజంగానే చదువుకుంటాండావా?"

"మొదటి రోజే చెప్పాను కదా సార్."

"పై ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చేవాళ్లు నిజం చెప్పి వస్తారా యాడన్నా? నువ్వూ అట్లా వచ్చినావనుకుంటిమి."

అంతలో ఆయన జేబులో ఫోను టింగుటింగుమని మోగడం మొదలుపెట్టింది. నా ఫోను చూస్తే గ్రూపులో చడీచప్పుడు లేదు. ఆయన సిగ్గుపడుతూ తన ఫోను చూపించారు. "మేడమ్ లేని గ్రూపు" అట. అందరూ అక్కడే ఉన్నారు. జోకులు, తిట్లు, బదిలీలు, ధర్మవరం చీరల బేరాలు, అన్నీ అక్కడే. తాజా సందేశం: "ఆమె బస్సు దిగినాదంట. ఎవురూ నవ్వాకండి."

నా పీహెచ్‌డీ అంతా అందులో ఉంది. ప్రాణం లేచొచ్చింది. "సార్, నన్ను ఇందులో చేర్చండి."

"చేర్చుకుంటాం లేమ్మా, చదువుకునే పిల్లవి. రెండు దినాలు ఆగు. మేమంతా ఇంకో గ్రూపులోకి పోయినాక చేర్చుకుంటాము."

అన్నమాట నిలబెట్టుకున్నారు. ఆ ఖాళీ గ్రూపులో ఒంటరిగా కూర్చుని, టీచర్లు నన్ను చూసి ఎలా పారిపోయారో రాసి గట్టెక్కాను. పేరు ముందు చేరిన డాక్టరు మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇకపై ఏ గ్రూపులో చేర్చినా నోరు మూసుకుని కూర్చోను. ముందు నలుగురితో కలిసి పై ఆఫీసును తిట్టిపోస్తాను, ఆ తర్వాతే పరిశోధన.