లావెక్కని ఇల్లు

ఆ ఇంట్లో ఇరవై ఏళ్లుగా ఎవరూ లావెక్కలేదు. నమ్మకపోతే పెదనాన్నను అడగండి. బళ్లో డ్రిల్లు మాస్టారు ఆయన. పెళ్లినాటి ప్యాంటే తొడుక్కుని, నడుం దగ్గర రెండు బొటనవేళ్లూ దూర్చి, "అప్పుడూ ముప్పై రెండే, ఇప్పుడూ ముప్పై రెండే!" అని వీధిలో పోయేవాళ్లను ఆపి మరీ చెప్పేవాడు. ముందు పొట్ట వచ్చేది, వెనకాల ఆయన వచ్చేవాడు. అది వేరే సంగతి.

అసలు సంగతి తెలిసింది ఇద్దరికే. ఒకరు నాయనమ్మ, రెండోది ఆవిడకు సూదిలో దారం ఎక్కించిపెట్టే మనవరాలు. మధ్యాహ్నం అందరూ తిని గుర్రుపెడుతుంటే నాయనమ్మ కుట్టుమిషను ముందు కూర్చునేది. ప్యాంట్ల వెనక కుట్టు విప్పి అరంగుళం వదులు చేసేది, కోడళ్ల జాకెట్లకు చంకల్లో పట్టీ వేసేది, గుండీలు జరిపేది. లోపలి మడత చాలకపోతే, రంగు కలిసే తన పాత చీర ఒకటి కత్తిరించేది. వెనక్కి తిరిగి చూసుకునేదెవరు? పైగా సాయంత్రం గుమ్మంలో నిలబడి, "ఏంట్రా, ఇంకా చిక్కిపోయావ్! సరిగ్గా తింటున్నావా లేదా?" అని కొడుకును చూసి దిగులుపడేది. కాకిపిల్ల కాకికి ముద్దంటారు గానీ, ఈ కాకికి లెక్కలు కూడా బాగా వచ్చు.

నాయనమ్మ పోయింది. ఇల్లంతా ఏడ్చింది, ఏడుస్తూనే తిన్నది. ఐదో నెలలో పెదనాన్న ప్యాంటు గుండీ తెగి కంచంలో పడింది.

"లాండ్రీవాడు! బట్టలన్నీ కుదించి పారేశాడు!" అని ఆయన ఎగిరిపడ్డాడు. పెద్దమ్మ జాకెట్టూ బిగిసింది, నాన్న చొక్కా బిగిసింది. ఇంకేం, సాక్ష్యాలు కుదిరాయి. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అందరూ వీధి చివరి లాండ్రీ తాత మీద పడ్డారు. బడి పిల్లల ఆటల దుస్తులు ఉతికే పని ఆయనకు ఇప్పించింది పెదనాన్నే. ఆ పని ఇక వేరేవాళ్లకని తీర్మానించి, ఆ మాట మొహమ్మీదే చెప్పడానికి తాతను పిలిపించారు.

మనవరాలు తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. నిజం చెబితే నాయనమ్మ ఇన్నేళ్లు దాచిన గుట్టు పోతుంది. చెప్పకపోతే ఆ ముసలాయన పొయ్యిలో పిల్లి లేవదు.

తాత వచ్చాడు. ఎవరూ అడగకముందే, "తప్పు నాదేనండీ. నీళ్లు మరీ వేడిగా కాచాను" అన్నాడు.

మనవరాలు ఆయన్ను వాకిట్లోకి లాక్కెళ్లింది. "చెయ్యని తప్పు ఒప్పుకుంటావేంటి తాతా?"

"మీ నాయనమ్మ మంచంలో ఉన్నప్పుడు మాట తీసుకుందమ్మా. 'నేను పోయాక బట్టలు బిగుస్తాయి, నీ వల్లేనని చెప్పు, మావాడు తట్టుకోలేడు' అంది. కాదనలేకపోయాను."

ఆ పిల్లకు ఒళ్లు మండిపోయింది. ఎంత ప్రేమ! గడప లోపలివాళ్లందరికీ సరిపోయింది, గడప దాటితే అరంగుళం కూడా మిగల్లేదు. నాయనమ్మ బతికుంటే ఆవిణ్ణి నిలదీసి కడిగేసేది. కడిగేసి, ఆ ఒళ్లోనే తలపెట్టుకుని ఏడ్చేది.

లోపలికొచ్చి పెదనాన్న ప్యాంటు అందుకుని వెనక కుట్టు పర్రున విప్పింది. లోపల నాలుగు పట్టీలు. అన్నీ నాయనమ్మ మట్టిరంగు చీరవే.

"ఇది ముప్పై రెండు కాదు పెదనాన్నా, నలభై. నాయనమ్మే పెంచుకుంటూ వచ్చింది. తాత తప్పేం లేదు."

పెద్దమ్మ నవ్వాపుకోలేక వంటింట్లోకి పరిగెత్తింది. పెదనాన్న అరుస్తాడనుకున్నారు. ఆయన ఆ పట్టీలు తడుముతూ కుర్చీలో కూలబడ్డాడు.

"చిక్కిపోయానని అమ్మ బెంగపడుతోందని, ఆకలి లేకపోయినా రెండోసారి పెట్టించుకునేవాణ్ణే!"

కాసేపటికి లేచి లాండ్రీ తాత దగ్గరికి నడిచాడు. "పని నీదే పెద్దాయనా, ఎక్కడికీ పోదు. మా అమ్మ నీకు అన్యాయం చేసింది" అన్నాడు. తల్లిని తప్పుపట్టడం జన్మలో అదే మొదటిసారి. ఆ మాట పూర్తవుతూనే, ఆ పెద్దాయన భుజం పట్టుకుని బావురుమన్నాడు.